మూడో భాగం చీటీ

ఆ పొద్దున్న పాలు కాస్తుంటే గోడ అవతల నుంచి పక్కింటి కోడలు పిలిచింది. "అన్నయ్యగారూ, మావయ్యగారు నిద్దట్లోనే పోయేరండి" అంది. నేను బాబాయి అని పిలిచే ఆ పెద్దాయన ఇక లేరు. ముందు నాకొచ్చిన ఆలోచన చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఆయన దగ్గరుండిపోయిన నా పుస్తకం ఇక దొరకదు అనుకున్నాను.

బాబాయి చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమస్తాగా చేసి రిటైరయ్యారు. గొలుగొండ వైపు నుంచి వచ్చే చెరకు బళ్లు తూచీ తూచీ, ప్రతిదాంట్లో మోసం వెతకడం అలవాటైపోయింది. కూరగాయల బండి దగ్గర తక్కెడ ఎత్తి అడుగున చూసేవారు. నర్సీపట్నం మొత్తంలో ఆయన నమ్మిన మనిషి ఒక్కడూ లేడనేది మా ఆవిడ.

నాకేమో బొమ్మల కథల పిచ్చి. చిన్నప్పుడు కామిక్కులతో మొదలై గ్రాఫిక్ నవలల దాకా వచ్చింది. అవి ఒక్కోటి వెయ్యి దాటతాయి. ఒక నెల గ్యాసు బండకి డబ్బుల్లేక మా ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంటే, గోడ అవతల ఆయన విన్నారు.

"జీతం రాగానే ఎనిమిదొందలు నా డబ్బాలో ఎయ్యి. కావాల్సిన పుస్తకం పేరు సీటీ మీద రాసియ్యి. ఎనిమిది రోజులాగు. అప్పటికీ కావాలనిపిస్తే పుస్తకం, నేకపోతే దురద" అన్నారు.

పాత బిస్కెట్ల డబ్బా అది. సగం చీటీలు ఎనిమిదో రోజుకి నేనే చింపేసేవాణ్ణి. అలా మిగిలినదే పోగై ఖరీదైన పుస్తకాలకి సరిపోయేది. ఇల్లూ గడిచింది, బీరువా కూడా నిండింది.

కొన్న పుస్తకం ముందు ఆయన చూడాలి. భూతద్దం పట్టుకుని వారం రోజులు చూసేవారు. "ఈడి వాచీ కుడిసేతికుంది. పేజీ తిప్పితే ఎడంసేతికెలాగొచ్చిందిరా? పూర్తి డబ్బులిచ్చేవేటి దీనికి?" అనేవారు. బొమ్మ గీసినవాడు కూడా ఆయన కాటా తప్పించుకోలేదు.

మూడు నెలల కిందట బీరువా సర్దుతున్నాను. ఐదు భాగాల నవల ఒకటుంది నాకు. మిగతావన్నీ ఉన్నాయి, మూడోది లేదు. చూస్తానని పట్టుకెళ్లేది ఆయనే కదా. చుట్టాలెవరికో ఇచ్చేసి ఉంటారని అనుమానం పట్టుకుంది. "మూడో భాగం మీ దగ్గరుండిపోయిందా బాబాయ్?" అని అడిగాను.

"ముందు డబ్బాలో సీటీ ఉందేటో సూసుకో" అన్నారు.

మాట దాటేస్తున్నారనుకున్నాను. ఊరందర్నీ అనుమానించే మనిషి దొరికిపోయాడని లోలోపల సంతోషించాను కూడా. డబ్బా మొహం చూడలేదు. వాళ్లింటికెళ్లడమే మానేశాను. "ఏటిరా, రావట్లేదేటి?" అని రెండుసార్లు అరుగు మీంచి పిలిచారు. పనుందన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు కోడలు ఆ డబ్బా తెచ్చింది. "ఇది మీదటండి. ఎవుల్నీ ముట్టుకోనిచ్చీవారు కాదు" అంది.

లోపల నా దస్తూరీతో ఒక చీటీ ఉంది, మూడో భాగం అని. దాని చుట్టూ, రబ్బరు బ్యాండు వేసి, సరిగ్గా ఆ పుస్తకానికి సరిపడా నోట్లు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ చీటీ ఎనిమిది రోజులు నిండకుండానే నాలుగు, ఐదు భాగాలు తగ్గింపు ధరకొస్తున్నాయని, ఆయనకి చెప్పకుండా అప్పు చేసి తెప్పించేశాను. ఆ అప్పు తీర్చే గొడవలో పడి ఈ చీటీ సంగతే మర్చిపోయాను. మూడోది నేను అసలు కొననేలేదు. చీటీ వెనక ఆయన రాసుకున్నారు: "ఎనిమిది రోజులైపోయాయి. వాడింకా రాలేదు."

ఎవరినీ నమ్మని మనిషి నేనొస్తానని నమ్మారు. నేను ఆయన్ని దొంగనుకున్నాను. తప్పయిపోయింది బాబాయ్ అందామంటే గోడ అవతల ఆయన లేరు.

ఫోనులో ఒక్కసారి నొక్కితే పుస్తకం వచ్చేస్తుంది. నొక్కలేదు. చీటీ కొత్తగా రాసి డబ్బాలో వేశాను. ఈవేళ ఆరో రోజు. బీరువాలో రెండో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య రెండు వేళ్లంత ఖాళీ వదిలిపెట్టాను.