కళ్ళు మూసుకున్న ఫొటోలు

2024 వేసవి, పెళ్ళిళ్ళ సీజన్. పటాన్‌చెరులో హైవే నుంచి లోపలికి తిరిగే సందులో, టైర్ల దుకాణం పైన నాది రెండు గదుల ఆల్బమ్ డిజైనింగ్ షాపు. చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్లు పెళ్ళిళ్ళు తీసి హార్డ్‌డిస్కులు తెచ్చి ఇస్తారు. వాటిలోంచి మంచివి ఏరి, పేజీలు కట్టి, ప్రింటింగ్‌కు పంపడం నా పని. నేను కెమెరా పట్టను, ఆ పెళ్ళిళ్ళకు వెళ్ళను. అయినా ఏ పిన్ని ఏ బాబాయి పక్కన నిలబడదో, ఎవరి చేతిలో ఎప్పుడూ ఐస్‌క్రీమ్ ఉంటుందో చూస్తూ చూస్తూ వాళ్ళంతా నా మనుషులే అయిపోతారు. ఎప్పుడైనా కూరగాయల మార్కెట్లో ఎదురైతే పలకరించబోయి ఆగిపోతాను, నేనెవరో వాళ్ళకు తెలియదని గుర్తొచ్చి.

ఆ ఏడాదే నా పనిలోకి ఏఐ వచ్చింది. ఒక పెళ్ళికి ఇద్దరు కెమెరావాళ్ళు తీసే ఫొటోలు వేలల్లో ఉంటాయి. వాటిని ఏరడాన్ని మేం కల్లింగ్ అంటాం. ఇదివరకు ఆ పనికే రోజులు పట్టేవి, మెడ పట్టేసేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి నేను టీ తాగి వచ్చేలోగా అది మసకగా ఉన్నవి, ఒకేలా ఉన్నవి, కళ్ళు మూసుకున్నవి వేరుచేసి రిజెక్ట్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. మిగిలినవాటితో పేజీలు కూడా అదే అమర్చి చూపిస్తుంది. దాని మీద నాకు కోపం లేదు. నా వీపు దానికి రుణపడి ఉంది.

శిరీష పెళ్ళి ఆల్బమ్ అప్పుడే వచ్చింది. అమ్మాయిది గుమ్మడిదల దగ్గర పల్లె, అబ్బాయిది అమీన్‌పూర్. ఆల్బమ్ చేయించే బాధ్యత అమ్మాయి మేనమామ యాదయ్యది. ఆయన పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. డిస్క్ అందిన కొద్ది రోజులకు ఆయనే షాపుకు వచ్చాడు. ఉదయం షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద కంపెనీ చొక్కానే ఉంది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ అమర్చిన పేజీలు తెర మీద చూపించాను.

“మేడం, కన్యాదానం ఫొటోల నేను, మా ఇంటామె ఉన్నం గదా. మమ్మల్ని తీసెయ్యాలె,” అన్నాడు.

“తీసేసి?”

“మా అక్కను, బావను పెట్టాలె. ఇప్పుడు ఏఐల అన్ని అయితున్నయంట గదా. మా కంపెనీల ఒకాయన సచ్చిపోయిన తాతను గృహప్రవేశం ఫొటోల పెట్టిచ్చుకున్నడు.”

మెల్లగా సంగతి చెప్పాడు. శిరీష ఇంకా బడికి పోకముందే ఆమె తండ్రి మల్లేశం కామెర్లతో పోయాడు. తల్లి సుగుణమ్మ తోట పనులకు పోతూ బిడ్డను పెంచింది. పెళ్ళిలో ఆమె పీటల మీద కూర్చోలేదు. మేనమామ యాదయ్య, ఆయన భార్యే అల్లుడి కాళ్ళు కడిగి కన్యాదానం చేశారు.

“ఫీజుల కాడికెల్లి దవాఖాన దాంక నేనే తిరిగిన, నిజమే,” అన్నాడు యాదయ్య. “గట్లని నేను తండ్రినైతనా మేడం? ఆ జాగ మా బావది. రేపు శిరీష పిల్లలు ఆల్బమ్ చూసి మా తాత ఏడి అని అడగరా? పిల్లకు మాత్రం చెప్పకుండ్రి. చూసి ఖుష్ కావాలె.”

జేబులోంచి ఒక పాత ఫొటో తీసి ఇచ్చాడు. పెళ్ళయిన కొత్తలో మల్లేశం, సుగుణమ్మ స్టూడియోలో దిగింది. రంగులు వెలిసిపోయాయి, నడుమ ఒక మడత. మల్లేశానిదని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఉన్న ఫొటో అదొక్కటే.

పోయినవాళ్ళను ఆల్బమ్‌లో చేర్చమని అడగడం మాకు కొత్త కాదు. దండ వేసిన పటంలాగో, పేజీ మూల మబ్బుల్లో దీవిస్తున్నట్టో పెట్టి ఇస్తుంటాం. ఉన్నవాడు వచ్చి తనను తీసేయమని అడగడం మాత్రం నాకు అదే మొదటిసారి.

“చేసి చూపిస్త అన్నా,” అన్నాను. “కని మీ అక్క చూడకుండ ప్రింట్‌కు పంపను. ఆమెను గూడ మారుస్తున్నం గదా.”

ఆయన కొంచెం తటపటాయించి సరేనన్నాడు.

పని అనుకున్నంత కష్టం కాలేదు. నిండా ముప్పై ఏళ్ళు లేని మల్లేశానికి ఏఐ యాభై ఏళ్ళు ఇచ్చింది. చెవుల పక్కన నెరుపు, కొంచెం పొట్ట, భుజం మీద పట్టు కండువా. సుగుణమ్మకు పట్టుచీర కట్టి, చేతికి ఇత్తడి చెంబిచ్చి, ముఖానికి చిరునవ్వు పెట్టింది. వెలుగు నీడలు కూడా సరిగ్గా కుదిరాయి. ఎవరికి చూపించినా నిజమనే అంటారు.

కానీ అసలు ఫొటో పక్కన పెట్టి చూసుకున్నప్పుడు నా మనసు ఒప్పలేదు. అసలు దాంట్లో యాదయ్య కింది పెదవి పళ్ళతో బిగపట్టుకుని కాళ్ళు కడుగుతున్నాడు. శిరీష తల కొంచెం పక్కకు వంచి ఆయన్నే చూస్తోంది. కొత్త ఫొటోలో ఆ చూపు అలాగే ఉంది, కాకపోతే అది పడే చోట వేరే మనిషి ఉన్నాడు. చాలాసేపు ఆ రెండింటినీ మార్చి మార్చి చూశాను. ఈ ముక్క నేను చెప్పవచ్చా, అది నా పనేనా అని కూడా ఆలోచించాను. చివరికి రెండూ తెర మీద పక్కపక్కన ఉంచి, వాళ్ళను రమ్మని ఫోన్ చేశాను.

మర్నాడు మధ్యాహ్నం యాదయ్య అక్కను తీసుకుని వచ్చాడు. సుగుణమ్మ బక్కపలచని మనిషి. మెట్లెక్కి వచ్చి, నీళ్ళు తాగి, తెర ముందు కూర్చుంది. కొత్త ఫొటోను కాసేపు చూసి, “ఈయనెవరు?” అంది.

యాదయ్య నవ్వాడు. “బావనే గదా అక్కా. ఇప్పుడుంటే గిట్లుంటుండె.”

ఆమె తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. “ముక్కు ఆయనదే,” అంది. “కని ఈయనను నేనెరుగ తమ్మీ. మీ బావకు ఒక్క తెల్ల ఎంటిక గూడ రాలే. నేను ముసల్దాన్నయిన గని ఆయన కాలే. నాకు ఆయన గట్లనే ఉన్నడు.”

ఆమె తన బొమ్మ మీద వేలు పెట్టింది. “ఈమె నవ్వుతుంది. నేను నవ్విన్నా ఆ టైముల?” తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. “నువ్వేడవోయినవ్ ఈ ఫొటోలకెల్లి?”

“నేనే తీసెయ్యమన్న. అది బావ ఉండాల్సిన జాగ అక్కా.”

“నువ్వు కాళ్లు కడుగుతుంటే పిల్ల నిన్నే చూస్తుండె. నేను చూసిన,” అంది సుగుణమ్మ. గొంతు పెంచలేదు. “మరదలు పొద్దటిసంది ఉపాసముండి నీళ్లు పోసింది. ఆమెనెట్ల తుడిచేస్తవ్? పిల్లను అడిగినవా, మరదలిని అడిగినవా?”

యాదయ్య తల వంచుకుని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. కొంతసేపటికి, “మరి నువ్వేడుంటవక్కా?” అన్నాడు. “పీటల మీద లేవు. మేడం చూపిచ్చిన పేజీలల్ల గూడ నువ్వు లేవు.”

ఆ మాట నిజం. సాఫ్ట్‌వేర్ అమర్చిన పేజీల్లో పెళ్ళికూతురి తల్లి ఒక్క గ్రూపు ఫొటోలోనే ఉంది, అదీ వెనక వరసలో.

“నేను ఆడనే ఉన్న గదా బిడ్డా,” అని సుగుణమ్మ నాతో అంది. “ఎవరు పొమ్మనలే, నేనే స్తంభం పక్కకు పోయి నిలబడ్డ. కెమెరోళ్లల్ల రెండో పిలగాడు నా దిక్కు గూడ తీసిండు.”

అప్పటికి రిజెక్ట్ ఫోల్డర్ నేనింకా చూడలేదు. పేజీలు ఒక కొలిక్కి వచ్చాక చూద్దామనుకున్నాను. ఇప్పుడు తెరిచాను. ఫేస్ గ్రూపింగ్ అని ఒక సౌకర్యం ఉంది, ఒక ముఖం చూపిస్తే ఆ మనిషి ఉన్న ఫొటోలన్నీ తెచ్చిపెడుతుంది. సుగుణమ్మ ముఖం ఇస్తే ఎక్కువ ఫొటోలు తెచ్చిపెట్టలేదు. ఎందుకంటే ఆ రోజు ఆమె ముఖం కొంగు చాటునో, చేతుల చాటునో ఉంది. ఇక ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటీ కళ్ళతోనే వెతికాం. ముఖం కనబడనిచోట ఆమె తనను తాను చీర అంచును బట్టి గుర్తుపట్టింది. “అగో, ఆ పచ్చంచు నాదే,” అనేది. యాదయ్య ఎగబడి చూసేవాడు.

అలా వెతుకుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. కళ్ళు మూసుకుంటే ఫొటో చెడినట్టని సాఫ్ట్‌వేర్‌కు నేర్పారు. గ్రూపు ఫొటోలకు అది సరే. కానీ పెళ్ళిలో కళ్ళు మూసుకునేది ఎవరు? మొక్కేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, బిడ్డను గుండెకు హత్తుకునేవాళ్ళు. ఎవరికి ఆ పెళ్ళి అందరికంటే ఎక్కువో వాళ్ళే ఆ ఫోల్డర్‌లో ఎక్కువగా ఉన్నారు.

స్తంభం పక్కన చేతులు జోడించి కళ్ళు మూసుకున్న సుగుణమ్మ దొరికింది. అప్పగింతల్లో తల్లీకూతుళ్ళు చెంపకు చెంప ఆనించి ఏడుస్తున్నది దొరికింది, కొంచెం మసకగా. తర్వాత ఇంకొకటి. పీటల మీది నుంచి శిరీష పూర్తిగా వెనక్కి తిరిగింది. కెమెరాకు ఆమె జడ తప్ప ముఖం లేదు, అందుకే సాఫ్ట్‌వేర్ తీసేసింది. దూరంగా స్తంభం పక్కన సుగుణమ్మ చెయ్యి ఊపుతూ, అటు తిరుగు అని బిడ్డకు సైగ చేస్తోంది. ఆ ఫొటోలో ఆమె నవ్వుతోంది.

“నవ్వినవ్ అక్కా,” అన్నాడు యాదయ్య.

“పిచ్చిది, అయ్యగారు మంత్రం చదువుతుంటే నన్ను చూస్తుంది,” అంది ఆమె.

కన్యాదానం ఫొటో, స్తంభం దగ్గర మొక్కుతున్న ఫొటో రెండు కెమెరాలవి. టైము సరిచూస్తే ఒకే క్షణానివి. ఎదురెదురు పేజీలను కలిపి మేం స్ప్రెడ్ అంటాం. ఎడమ పేజీలో కాళ్ళు కడుగుతున్న యాదయ్య దంపతులను, కుడి పేజీలో మొక్కుతున్న తల్లిని పెట్టాను. వెనక్కి తిరిగిన శిరీషకు ఒక పేజీ మొత్తం ఇచ్చాను. మల్లేశం గురించి సుగుణమ్మే చెప్పింది, “ఉన్నట్టే పెట్టు బిడ్డా, మొదటి పేజీల.” ఆ పాత ఫొటో మడత, మరకలు ఏఐతోనే తీయించాను. వెలిసిన చీరకు అది గులాబి రంగు పూసింది. “కాదు, ఎర్రది,” అని సుగుణమ్మ దిద్దింది. ముఖాల జోలికి దాన్ని పోనివ్వలేదు.

లేచేముందు యాదయ్య తాను అడిగి చేయించిన బొమ్మను ఇంకొకసారి చూపించమన్నాడు. తెర ముందు నిలబడి, “గిట్లనే ఉంటుండెనేమో,” అన్నాడు. తర్వాత, “తీసెయ్ మేడం,” అన్నాడు. వాళ్ళ ముందే తీసేశాను.

ఆల్బమ్ తయారయ్యాక శిరీషే భర్తతో వచ్చింది, వెంట యాదయ్య. ఆమె అక్కడే బల్ల మీద పెట్టుకుని తెరిచింది. మొదటి పేజీలో తండ్రి ముఖం మీద వేలు ఆనించి, “నాయిన నాకంటె చిన్నగున్నడు,” అని నవ్వింది, కళ్ళలో నీళ్ళతో. కన్యాదానం దగ్గర ఆగిపోయింది. రెండు పేజీలనూ అటూ ఇటూ చాలాసేపు చూసింది.

యాదయ్య ఉండబట్టలేక, “నేనైతే నన్ను తీసెయ్యమన్న పిల్లా,” అన్నాడు.

“నిన్ను తీసేస్తే నేను ఎవరి దిక్కు చూస్తున్నట్టు మామా?” అంది శిరీష, ఆయన చెయ్యి పట్టుకుని. ఆయన ఆ చెయ్యి చాలాసేపు వదలలేదు.

ఆ ఆల్బమ్ తర్వాత నేను యంత్రాన్ని మానలేదు. మొదటి ఏరివేత ఇప్పటికీ దానిదే. అప్పగింతలు, కన్యాదానం ఫొటోలను మాత్రం దానికి ఇవ్వను, వాటిని నేనే ఏరుతాను. ఏది మంచి ఫొటోనో అది నాకంటే త్వరగా చెప్పగలదు. ఆ ఫొటోలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఇంటివాళ్ళు చెబితే తప్ప దానికీ తెలియదు, నాకూ తెలియదు. లేనివాళ్ళను తెచ్చి పెట్టమని ఇప్పటికీ వస్తుంటారు. కాదనను. ఆ రోజు ఆ చోట ఎవరు నిలబడ్డారని ముందు అడుగుతాను. కాసేపు ఆలోచించి, చాలామంది కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ మనిషి గురించి చెప్పడం మొదలుపెడతారు. నేను మౌస్ వదిలేసి వింటాను.