తుఫాను షెల్టరు మీద జపాను చేప

ఒక్క గుడ్డముక్కతో సముద్రాన్ని ఖాళీ చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నెల్లూరు జిల్లాకు రండి, నన్ను చూద్దురుగాని. టికెట్టు లేదు. జువ్వలదిన్నె దాటి ఇసుకదారిలో ఇంకాస్త ముందుకొస్తే మా పల్లె. పేరు మాత్రం చెప్పను. నా జీతం ఇంకా అక్కడి నుంచే వస్తోంది.

అప్పటికి నేను ఆ పల్లె బడిలో ఒకటో తరగతి టీచరుగా చేరి కొన్నాళ్లే అయింది. పేరు సలోమి. మాది బిట్రగుంట రైల్వే కాలనీ, నాన్న గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరయ్యారు. సముద్రంతో నా పరిచయమల్లా చర్చి పిక్నిక్కులో చీలమండల దాకా దిగి ఫొటో తీయించుకోవడమే. ఉద్యోగం ఎలా వచ్చిందంటారా? సండే స్కూల్లో నేను పాటకు చేతులూపుతూ గెంతడం చూసి బడి కరస్పాండెంటు గారు ముచ్చటపడ్డారు. "డిసెంబరు దాకా చూస్తానమ్మా. నచ్చితే పర్మినెంటు చేస్తా," అన్నారు. అంతకుముందు చేరిన ఉద్యోగాలన్నీ నేను చక్కగా ఊడగొట్టుకుని ఉన్నాను. ఇది కూడా ఊడితే, కావలిలో మా మేనత్త నడిపే బ్యూటీ పార్లరులో పనికి చేరాలని ఇంట్లో తీర్మానమైపోయింది. మా అత్త సంగతి మీకు తెలియదు. ఆవిడ కనుబొమలు తీర్చడం మొదలుపెడితే కస్టమర్లు కులదేవతల పేర్లన్నీ తలుచుకునేవాళ్లు. పనివాళ్లయితే దేవుణ్ణి మార్చి మార్చి తలుచుకునేవాళ్లు.

నవంబరు రాగానే కరస్పాండెంటు గారు పిలిచారు.

"సలోమీ, టౌన్లో స్కూళ్లన్నీ బాలల దినోత్సవానికి పరాయి దేశాల సంస్కృతి నేర్పిస్తున్నాయంట. పాఠంలాగా కాదు, పిల్లల చేతే చేయించాలంట. మనం కూడా ఒక దేశం పట్టుకుందాం."

"ఏ దేశం సార్?"

"ఏదో ఒకటి. శుభ్రంగా ఉండే దేశం చూడు. కానీ ఒక మాట. మన బడి ప్రోగ్రాములకు తల్లిదండ్రులు రారు. పోయిన ఏడాది నేనూ, మైకు సెట్టతనూ, ఒక మేకా కూర్చుని చూశాం. ఈసారి హాలు నిండితే నువ్వు పర్మినెంటు."

"నిండకపోతే సార్?"

"ప్రభువు నీకు ఇంకో దారి చూపిస్తాడు," అన్నారాయన దయగా. ఆ దారి చివర మా అత్త కనుబొమలు తీర్చే దారం పట్టుకుని నిలబడి కనిపించింది నాకు.

తల్లిదండ్రులు రాకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. పొద్దున పూట మగవాళ్లు సముద్రంలో ఉంటారు, ఆడవాళ్లు చేపల బేరంలో ఉంటారు. తీరిగ్గా కూర్చుని పిల్లల డాన్సు చూసేది మేక ఒక్కటే.

నేను జపాను ఎంచుకున్నాను. వాళ్లూ అన్నమూ చేపలే తింటారు కాబట్టి సగం సిలబస్సు మా పిల్లలకు వచ్చేసినట్టే అని నా లెక్క. ఫోనులో వీడియోలు చూసి పని మొదలుపెట్టాను. పిల్లల చేత వాళ్లమ్మల నైటీలు తెప్పించి, నడుముకు తువ్వాలు బిగించి కిమోనోలు చేశాను. చీపురుపుల్లలు విరిచి, జపాను వాళ్లు అన్నం తినే పుల్లలు చేశాను. ఆ వారం ఊళ్లో చీపుళ్లన్నీ బట్టతలలైపోయాయి. నమస్కారానికి బదులు నడుము వంచి పలకరించడం కూడా నేర్పాను. నా క్లాసులో కావేరి అనే చురుకు పిల్ల ఇంటికెళ్లి వాళ్ల అవ్వ ఆదెమ్మ ముందు అలాగే వంగితే, కడుపునొప్పి అనుకుని ఆ ముసలామె పిల్లకు గ్లాసుడు వాముకషాయం పట్టించిందట.

ఇక అసలు సంగతికి వస్తాను. జపానులో పిల్లల పండగనాడు చేపల ఆకారంలో గుడ్డలు కుట్టి, పొడుగాటి కర్రలకు కట్టి ఎగరేస్తారు. వాళ్లు చేసేది మే నెలలో. మే నెలలో మాకు సెలవులు కాబట్టి నేను జపాను వాళ్ల పండగను నవంబరుకు మార్చేశాను. క్రిస్మస్‌కి చర్చి వేదిక మీద కట్టే ఎర్ర శాటిన్ గుడ్డ అడిగి తెచ్చి, మంచమంత చేప కుట్టాను. పిల్లలు దానికి వెండిరంగు పొలుసులు వేశారు. జాలరుల పిల్లలు కదా, ఊరికే ఒప్పుకోలేదు.

"టీచర్, దీనికి మొప్పలు లేవే. ఎట్టా బతుకుతాది?"

"ఇది గుడ్డ చేప నాన్నా."

"గుడ్డదైనా ఊపిరి పీల్చుకోవాల గదా టీచర్," అని కావేరి మొప్పలు గీసేదాకా ఊరుకోలేదు.

ఈ చేపను ఎక్కడ కట్టాలి? మా బడి రేకులు అంతకుముందటి ఏడాది గాలికి లేచిపోతే, క్లాసులు ఊరి తుఫాను షెల్టరులో జరుగుతున్నాయి. స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద కాంక్రీటు హాలు, పైన డాబా. ఆ డాబా మీద ఆకాశమంత కర్ర, దానికి కప్పీ, కొత్త తాడు. ఎవరో నాకోసమే అమర్చిపెట్టినట్టు అనిపించింది.

ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి. ఊళ్లో పాకే పిల్లకి కూడా తెలిసిన ముక్క, నాకొక్కదానికే తెలియలేదు. ఆ కర్రకు ఎర్రగుడ్డ ఎగిరిందంటే తుఫాను వస్తోందని. పడవలు వెనక్కి తిప్పాలని, ఉన్నదంతా మూటకట్టుకుని షెల్టరుకు వచ్చేయాలని. ఫోనులో ఎన్ని మెసేజిలొచ్చినా మా పల్లెవాళ్లు నమ్మరు. గుడ్డను నమ్ముతారు. పైగా అది తుఫానుల నెల.

బాలల దినోత్సవం నాడు పొద్దున్నే పిల్లలూ నేనూ డాబా ఎక్కి తాడు లాగుతుంటే కావేరి అంది.

"టీచర్, ఈ కర్రకి ఎర్రగుడ్డ కడితే ఊరంతా వచ్చేస్తాది."

"రావాలనే కదా కడుతున్నాం. గట్టిగా లాగు."

చేప నోట్లో గాలి నిండింది. ఒళ్లు విరుచుకుని, తోకాడిస్తూ, నిజంగా ఈదుతున్నట్టే లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లకంటే గట్టిగా నేను కొట్టాను.

కాసేపటికి మెట్ల దగ్గర అలికిడైంది. చూస్తే కావేరి వాళ్ల అవ్వ ఆదెమ్మ. నెత్తిన మూట, చంకలో కోడి. మొదటి ప్రేక్షకురాలు! నేను నడుము వంచి జపాను పద్ధతిలో స్వాగతం పలికాను.

"నడుం పట్టిందా తల్లీ?" అంది ఆదెమ్మ. "ఇంతకీ నిజమేనా?"

"నిజమే అవ్వా. మీరే ముందొచ్చారు."

"మావోళ్లు చేపల ఏటకి పోయినారు. ఫోను కొట్టినా. వల కోసేసి వస్తా ఉండారు."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒకటో తరగతి పిల్లల ప్రోగ్రాము కోసం వల కోసుకుని వస్తున్నారట! చదువు మీద ఈ ఊరికి ఇంత ప్రేమ ఉంటే, కరస్పాండెంటు గారు మేక కథలు చెప్తారా?

"పని చెడగొట్టుకుని ఎందుకవ్వా?" అన్నాను మొహమాటంగా.

"పనిదేముందమ్మా, రేపైనా చేసుకోవచ్చు. ఇంతకీ ఎంతసేపుంటాది?"

"మధ్యాహ్నానికి అయిపోతుంది."

"అంతేనా? పోయినసారి రేయింబగళ్లు ఉన్నింది."

పోయినసారి ఎవరో నాకంటే బాగా చేశారన్నమాట. నాకు కొంచెం అసూయ పుట్టింది. "మా పిల్లలు చిన్నవాళ్లు కదవ్వా, ఎక్కువసేపు చేయలేరు," అన్నాను. ఆదెమ్మ నన్ను అదోలా చూసి, గోడవార చాప పరుచుకుని కోడిని కట్టేసుకుంది.

ఆ తర్వాత ఊరు కదిలింది. టీవీ ఎత్తుకుని ఒకాయన, మిక్సీ పట్టుకుని ఒకామె, బియ్యం మూటలు, గ్యాసు బండ, పక్కబట్టలు, పెళ్లి ఫొటోలు. ఇన్ని సామాన్లెందుకని నాకు సందేహం రాకపోలేదు. పల్లెటూళ్లలో ప్రోగ్రాముకు ఇలాగే వస్తారు కాబోలని సర్దిచెప్పుకున్నాను. హాలు నిండుతోంది కదా, ఉద్యోగం కావాల్సినవాళ్లకు సందేహాలు ఎక్కువసేపు నిలవవు.

"చెప్పులు బయట విడవండి, మేకల్ని కింద కట్టేయండి. జపానులో అంతే," అని అందరికీ వంగి వంగి చెప్పి, మనిషికో జత చీపురుపుల్లలు పంచాను.

ఒక ముసలాయన ఆ పుల్లలు తిప్పి తిప్పి చూశాడు. "ఇవెందుకమ్మా?"

"అన్నం తినడానికి తాతా."

ఆయన పక్కవాడి వైపు వంగి, "పుల్లతో తినేంత అన్నమే పెడతారంట. ఈసారి పెద్దదే వస్తా ఉండాది," అన్నాడు గుసగుసగా. పక్కవాడు దేవుడికి దండం పెట్టుకున్నాడు.

కిటికీలోంచి చూస్తే, సముద్రంలో ఉన్న పడవలన్నీ మోటార్లు హోరెత్తిస్తూ ఒడ్డుకు వస్తున్నాయి. "చూశారా, మీ నాన్నలు మీ కోసమే వస్తున్నారు," అన్నాను పిల్లలతో. పిల్లలు నైటీలు ఎత్తిపట్టుకుని గెంతారు.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంటు గారి కారు ఆగింది. ఆయన మెట్లెక్కి హాల్లోకి తొంగిచూసి గుమ్మం పట్టుకున్నారు. కాలు పెట్టడానికి చోటు లేదు. ఆయన మైకు లాక్కున్నారు. "ఎన్నాళ్లుగానో ఈ బడి నడుపుతున్నాను. ఇలాంటి జనాన్ని చూడలేదు. ఈ రోజు నుంచి, ఈ క్షణం నుంచి సలోమి టీచరు పర్మినెంటు," అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టలేదు. భయంతో ఉన్నవాళ్లు ఎలా కొడతారు? నేను మాత్రం మనసులో మా అత్త పార్లరుకు తాళం వేసి, తాళంచెవి సముద్రంలోకి విసిరేశాను.

తాళంచెవి నీళ్లలో పడేలోపే ఊరి పెద్ద కోటయ్య వచ్చాడు. పడవలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, లుంగీలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో ఫోను.

"తాసిల్దారు ఆఫీసుకి ఫోను చేసి అడిగినా," అన్నాడు. "తుఫాను లేదంట. వాన గూడా లేదంట. పైనున్న ఆ ఎర్రగుడ్డ కట్టింది ఎవురు?"

నాకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మూటలు, మిక్సీలు, కోసిన వలలు, రేయింబగళ్లు.

కావేరి ముందుకొచ్చింది. పద్ధతిగా నడుము వంచింది. "గుడ్డ కాదు తాతా, చేప. జపాను చేప. మేమే కట్టినాం. కడితే ఊరంతా వస్తాదని నేను చెప్పినా. రావాలనే కడతా ఉండాం అనింది టీచరు."

జపానులో తప్పు ఎంత పెద్దదైతే అంత కిందికి వంగాలని పిల్లలకు నేనే నేర్పాను. కాబట్టి వంగాను. నడుము సరిపోలేదు, మోకాళ్ల మీదికి దిగాను, అదీ చాలదనిపించి నుదురు నేలకు ఆనించాను. నా వెనకాల ఒకటో తరగతి మొత్తం నైటీలతో సహా నేలకు వాలింది. పైకి చూసే ధైర్యం లేదు. నుదుటికి జానెడు దూరంలో ఆదెమ్మ కోడి నన్నే చూస్తోంది.

కరస్పాండెంటు గారు మైకులోనే అన్నారు. "కోటయ్యా, ఈమెకూ నాకూ సంబంధం లేదు. ఇప్పుడే తీసేస్తున్నాను. కారులో ఎక్కించి బిట్రగుంటలో దింపేస్తాను."

"దింపేస్తే ఎట్టా సార్?" అన్నాడు కోటయ్య. "ఈడ ఊరి కట్టుబాటు ఒకటుండాది. ఊరికి తప్పు చేసినోళ్లు ఆ తప్పు తీర్చుకునేదాకా ఊరు ఇడిసి పోగూడదు."

"ఎలా తీర్చుకుంటుంది?"

"ఆమెకి వచ్చిన పనేంది? పిల్లోళ్లకి చెప్పేదే గదా. చెప్పమనండి. మేం చాలనేదాకా చెప్పాల."

"మీరు చాలని ఎప్పుడంటారు?"

"అది ఊరు కూర్చుని మాట్లాడుకోవాల. తొందరేముంది?" అన్నాడు కోటయ్య. "జీతం మాత్రం మీరే ఇయ్యాల సార్. ఆమె మీ మనిషి గదా, తప్పులో మీకూ బాగముండాది."

కరస్పాండెంటు గారు మైకు కింద పెట్టేశారు. పర్మినెంటు కావడానికి పరీక్షలు రాసినవాళ్లను చూశాను, సిఫార్సులు తెచ్చినవాళ్లను చూశాను. శిక్ష పడి పర్మినెంటయింది నేనొక్కదాన్నే.

ఆదెమ్మ చాప మీద నుంచి కదల్లేదు. "మూటలు మోసుకొచ్చినాం గదా. ఆ జపానేందో చూసే పోదాం," అంది. అలా ప్రోగ్రాము జరిగింది. వెనక్కొచ్చిన పడవల్లో పడినకాడికి చేపలున్నాయి, ఆడవాళ్లు అక్కడే పులుసు పెట్టారు. ఊరంతా చీపురుపుల్లలతో అన్నం గింజల వెంటపడింది. పుల్లల గురించి నన్నడిగిన ముసలాయన చాలాసేపు పోరాడి, చివరికి చెయ్యి కడుక్కుని పళ్లెంలో పెట్టాడు. "ఆ దేశపోళ్లు సన్నంగా ఎందుకుండారో ఇప్పుడు తెలిసినాది," అన్నాడు.

ఆ సాయంత్రం నాన్నకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. "సర్వీసంతా ఎర్రజెండా ఊపినానమ్మా. ఊపిన ప్రతిసారీ ఒక్క రైలే ఆగింది," అన్నారాయన. ఆ గొంతులో ఉన్నది బాధో గర్వమో నాకు ఇప్పటికీ తేలలేదు.

మరుసటి ఏడాది నిజంగానే తుఫాను వచ్చింది. ఆఫీసువాళ్లు వచ్చి, అదే కర్రకు అసలైన ఎర్రగుడ్డ ఎగరేశారు. నా మూలంగా ఇక గుడ్డను కూడా నమ్మరేమో, ఎవరూ రారేమో అని షెల్టరు మెట్ల మీద నిలబడి దారికేసి చూస్తున్నాను. వచ్చారు. గాలికి ఎదురు నడుస్తూ, మూటలతో, మేకలతో ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు ఆదెమ్మ. ఒక చంకలో కోడి, ఇంకో చేతిలో జాగ్రత్తగా దాచుకున్న చీపురుపుల్లల జత. నన్ను చూసి చక్కగా నడుము వంచి అడిగింది.

"ఈసారి ఏ దేశం టీచరమ్మా?"

కాబట్టి సముద్రం సాక్షిగా, కోటయ్య గారి తడిసిన లుంగీ సాక్షిగా, ఆదెమ్మ కోడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశాన్ని నేర్పినా నేలమీదే నేర్పుతాను, మోకాలి ఎత్తు దాటి పైకి లేవనివ్వను. నా ఎర్రచీర ఇంట్లోనే ఆరేసుకుంటాను. కరస్పాండెంటు గారు ఎంత బతిమాలినా స్పెయిను జోలికి మాత్రం పోను. ఆ దేశంలో ఎర్రగుడ్డ ఊపి ఎద్దుల్ని రప్పిస్తారట.