నీళ్ళ బాన వెనక బొగ్గు గీతలు

నా చిన్నప్పుడు, ధాత నామ సంవత్సరం వైశాఖ మాసం రెండో మంగళవారం, సాయంత్రం నాలుగు దాటిన అయిదు నిమిషాలకు, కుళాయి దగ్గర నిలబడి మా నానమ్మకు ఒక తప్పు లెక్క చెప్పాను. వేళ ఇంత కచ్చితంగా ఎలా తెలుసునంటే, నాలుగింటి ప్యాసింజరు అప్పుడే కూత వేసి బిలాస్‌పూర్ స్టేషను వదిలింది. ఆ రోజు బండి ఆలస్యం కాలేదని డ్యూటీ నుంచి వచ్చాక మా నాన్నను అడిగి తెలుసుకున్నాను. నాకప్పుడు ఆరేళ్ళ ఒక నెల. మా తమ్ముడికి పదకొండు నెలల మూడు రోజులు.

మా నాన్న యార్డులో నంబర్ టేకర్. వచ్చిన ప్రతి గూడ్సు బండి పక్కనా నడుస్తూ వ్యాగన్ల నంబర్లు రాసుకోవడం ఆయన పని. క్వార్టరు వెనక కంచె దగ్గర నన్ను నిలబెట్టి వ్యాగన్లు లెక్కపెట్టించేవారు. అలా నాకు అక్షరాలకంటే ముందు అంకెలు వచ్చాయి, వందదాకా. ఆ వచ్చిన అంకెలతో నేను చేసిన మొదటి పని తమ్ముడు రోజుకు ఎన్నిసార్లు పాలు తాగుతాడో లెక్కపెట్టడం.

వెనక వరండాలో నీళ్ళ బాన ఉండేది. దాని వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసేదాన్ని. వాడు అమ్మ ఒళ్ళోకి పాకిన ప్రతిసారీ ఒక గీత. ఎనిమిదికి తక్కువ ఏ రోజూ లేదు. ఒకనాడు పదకొండు వచ్చాయి. ఆ గీతల పక్కన నాకోసం కొంత చోటు వదిలాను. అందులో ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేదని నా నమ్మకం.

ఆ నమ్మకం నానమ్మ ఇచ్చినదే. ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి గొప్పగా చెప్పేది: "దీన్నయితే పదో నెల్లోనే మాన్పించీసినాం. ఆడగుంటకి అంతకన్నా ఎందుకు? ఈడికి మాత్రం మూడేళ్ళు ఒచ్చినా పరవానేదు." వచ్చినవాళ్ళు తల ఊపేవారు. నేను గుమ్మం పట్టుకుని వినేదాన్ని. నాకు పది నెలలు, వాడికి మూడేళ్ళు. తీసివేత అప్పటికి నాకు సరిగ్గా రాదు. అయినా ఆ తేడా ఎంత పెద్దదో తెలిసేది.

ఇంకొక సంగతి కూడా ఉంది. నాలుగింటి ప్యాసింజరు కూత వినబడితే నేను ఎక్కడ ఆడుకుంటున్నా, ఎందుకో తెలియకుండానే ఇంట్లోకి పరుగెత్తేదాన్ని. ఏ బండి కూతకూ అలా కాదు, ఆ ఒక్కదానికే. పరుగెత్తి వెళ్తే అమ్మ వెనక వరండాలో గోడకు ఆనుకుని తమ్ముడికి పాలిస్తూ ఉండేది. ఆ వేళకు కుళాయి వదిలేవారు కాబట్టి నానమ్మ బిందెలతో అక్కడ ఉండేది. అమ్మ నన్ను చూసి నవ్వి, పక్కన కూర్చోమని నేల మీద తట్టేది. నేను కూర్చునేదాన్ని కాదు. మిగతా ఏ వేళ తాగినా ఓర్చుకునేదాన్ని గాని, ఆ వేళ వాడు అక్కడ ఉంటే నా చోట్లో ఎవరో పడుకున్నట్టు మండేది.

ఆ మంగళవారానికి రెండు రోజుల ముందు అమ్మకు వాంతి అయింది. ఒక్కసారే. ఎండ దెబ్బ. మర్నాడు పచ్చి మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని తింటూ నాకూ ఒకటి పెట్టింది. ఇవి రెండూ నేను చూసినవి. కడుపుతో ఉన్న తల్లి పాలు బిడ్డకు విషమన్నది నానమ్మ నోట విన్నది. మూడింటినీ కలపడానికి వందదాకా అంకెలు అక్కరలేదు.

మంగళవారం కూత వినగానే ఇంట్లోకి వెళ్ళాను, ఒళ్ళో తమ్ముణ్ణి చూశాను, వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి పరుగెత్తాను.

"ఏటే గుంటా, సెప్పుల్లేకండా ఎండలోకి ఒచ్చీసినావు?" అంది నానమ్మ.

"అమ్మ కక్కుతన్నాది నానమ్మా. మూడు రోజుల్నించి. మామిడికాయ దాసుకుని తింటన్నాది."

కుళాయి చుట్టూ బిందెలతో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఎదురు క్వార్టరు పెద్దమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, "అచ్ఛా! ఒకడు ఒళ్ళో ఉండగానే మళ్ళీ నీళ్ళోసుకున్నాదేటి నీ కోడలు?" అంది. నలుగురిలో పడ్డాక ఆ మాట ఇక నా చేతిలో లేదు. ఆ ఎండల్లో సగం నిండిన బిందెను వదిలి నానమ్మ ఇంటికి నడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

మా ఇళ్ళల్లో నెలకు మూడు రోజులు ఆడవాళ్ళు వెనక వరండాలో ఎవరినీ తాకకుండా ఉండేవారు. బయట చేరడం అనేవాళ్ళం. నానమ్మ అడిగిన మొదటి ప్రశ్న దాని గురించే. కానుపయ్యాక ఒక్కసారైనా బయట చేరావా అని. లేదంది అమ్మ. మరింకేటి, అంది నానమ్మ. పాలిచ్చే తల్లికి నెలల తరబడి అది రాకపోవడం మామూలేనని చెప్పేవారు ఆ ఇంట్లో లేరు. అమ్మకే అనుమానం పడింది. "నాకైతే అలాగ అనిపించట్నేదత్తా" అంది గాని, గట్టిగా అనలేకపోయింది.

నానమ్మ చెడ్డది కాదు. ఆమె రెండో కొడుకు ఏడాదిన్నరకు పోయాడు. అప్పుడు మా నాన్న ఆమె కడుపులో ఉన్నారు. తన పాలే ఆ బిడ్డను తీసుకుపోయాయని ముప్ఫై ఏళ్ళుగా నమ్ముతోంది. అందుకే ఒక్క పూట కూడా ఆగలేదు. మా నాన్న ఒకసారి అమ్మ ముఖమూ, ఒకసారి నానమ్మ ముఖమూ చూసి, డ్యూటీ వేళయిందని వెళ్ళిపోయారు.

బుధవారం పొద్దున్న వేపాకు నూరి అమ్మకు రాశారు. తమ్ముడు పాక్కుంటూ వచ్చి నోరు పెట్టాడు. వెంటనే ఏడవలేదు. తల ఎత్తి అమ్మ ముఖంలోకి చూశాడు. పొరబాటేదో జరిగి ఉంటుందని కాబోలు, మళ్ళీ ఇంకోసారి ప్రయత్నించాడు. అప్పుడు ఏడ్చాడు. వాడికి పదకొండు నెలల నాలుగు రోజులు.

పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టాలి. కుళాయి మురుగు పారే చోట మా మల్లెపొద ఉండేది. మొగ్గలు కోసి దండ కట్టే పని నానమ్మ నాకు అప్పజెప్పింది. ఆ దండలను రవిక లోపల పెట్టి పాతచీర పేలికతో బిగించి కట్టేవారు. రోజుకు వంద మొగ్గలు, అంతకుమించి నాకు లెక్క రాదు కనుక. ఏడు రోజులు. ఇల్లంతా పెళ్ళివారిల్లులా గుబాళించేది. అమ్మకు రెండువైపులా గట్టిపడి జ్వరం వచ్చింది. నేను కోరుకున్నదే జరిగింది, ఒళ్ళో తమ్ముడు లేడు. వెళ్ళి ఆనుకున్నాను. "ఆనకే తల్లీ, నొప్పి" అంది అమ్మ. లేచి వచ్చి మిగిలిన మొగ్గలు కట్టాను.

తర్వాత తమ్ముడికి ఉగ్గుగిన్నెతో ఆవుపాలలో నీళ్ళు కలిపి పోశారు. బార్లీ కాచి పోశారు. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తొడలు సన్నబడి, మొలతాడు జారిపోతుంటే నానమ్మ రెండుసార్లు ముడి బిగించింది. నేను బాన వెనక గీతలు గీయడం మానేశాను.

ముప్ఫై ఎనిమిదో రోజున అమ్మ బయట చేరింది.

చాప తీసుకుని వెనక వరండాలో కూర్చున్న అమ్మను చూసి, నానమ్మ బియ్యం చేట చేత్తో పట్టుకునే గుమ్మందాకా వచ్చింది. తర్వాత నన్ను పిలిచింది. "మూడు రోజులు కక్కిందన్నావు గదే?"

"ఒక్కరోజే" అన్నాను.

చేట కిందపెట్టింది. చెయ్యి ఎత్తింది. వరండాలోంచి అమ్మ, "అత్తా, కొట్టకండి. దాన్ని ఇలాగ పంపండి" అంది. అమ్మ లేచి వచ్చి అడ్డుపడడానికి వీల్లేదు, ఎవరినీ తాకకూడదు. మాటతోనే ఆపింది. ఆ రోజు నానమ్మ కోడలి మాట విన్నది.

నేను అమ్మకు మూడు బారల దూరంలో కూర్చున్నాను. మా ఇంటి పద్ధతిలో పాలు తాగే బిడ్డకు ఆ మూడు రోజులూ మైల లేదు, తల్లి దగ్గరికి వెళ్ళవచ్చు. పాలు మానిన బిడ్డకు ఉంది. అందుకని తమ్ముణ్ణి కూడా గుమ్మంలో ఆపేశారు. వాడు గడప పట్టుకుని నిలబడి అమ్మకేసి చేతులు చాస్తున్నాడు.

అమ్మ నన్ను ఎందుకు చెప్పావని అడగలేదు. బాన వెనక గోడకేసి చూసి, "ఆ గీతలు నీయేనా?" అంది. అవునన్నాను. "తమ్ముడివా?" అవునన్నాను. "ఆ పక్కన కాళీ ఎవలికి?"

నాకని చెప్పాను.

"మరి పెట్టుకోనేదేటి?"

పదో నెల్లోనే మాన్పించేశారు గదా అన్నాను. అప్పుడు అమ్మ, నానమ్మ ఎక్కడుందో ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. మాన్పించమన్నది నిజమేనట. అందరి ముందూ మాన్పించింది కూడా. కాని కుళాయి వదిలే వేళకు నానమ్మ బిందెలతో వెళ్ళేది. నాలుగింటి బండి కూత వెయ్యగానే నేను ఎక్కడున్నా వచ్చేసేదాన్నట. ఇదే వరండాలో, ఇదే బాన చాటున, రోజుకు ఒక్కసారి, నానమ్మ తిరిగొచ్చేలోపు. "నీకు రెండేళ్ళ నాలుగు నెలలు ఒచ్చినదాకా. రైలే నీకు గడియారం. ఈడికి అందరి ముందరా ఇచ్చినాను, నీకు దొంగతనంగా ఇచ్చినాను. అంతేనే తేడా."

 అమ్మ దగ్గరికి వెళ్ళబోయాననీ, "నాలుగోనాడు, తలంటుకున్నాక" అని చెయ్యి అడ్డం పెట్టిందనీ గుర్తుంది. అన్న మాట తప్పలేదు. తలంటు రోజున నాలుగింటి కూత వినబడగానే నన్ను పిలిచి, తడి జుట్టు ఆరకముందే ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నానమ్మ చూస్తూనే కుళాయికి వెళ్ళింది.

తమ్ముడికి మళ్ళీ పాలు పట్టాలని అమ్మ చూసింది. రైలింజన్ల షెడ్డు బూడిదలో బొగ్గు ఏరి ఇళ్ళకు తెచ్చి అమ్మే ఛత్తీస్‌గఢీ మనిషి ఒకామె ఉండేది. తట్ట దించకుండానే మూడేళ్ళ పిల్లకు పాలిచ్చేది. అమ్మ అడిగితే, "లఇకా ల పియావత్ రహ, దూధ్ ఆ జాహీ" అని నవ్వింది. తాగిస్తూ ఉండు, పాలు అవే వస్తాయి అని. తనకు మాన్పించేవాళ్ళెవరూ లేరట, పిల్ల తానే మానేదాకా ఇస్తుందట. అమ్మ తొమ్మిది రోజులు ప్రయత్నించింది. అయిదో రోజున చుక్కలు వచ్చాయి. కాని తమ్ముడు దగ్గరికి తీసుకుంటే చాలు, పెదవులు బిగించి ముఖం తిప్పుకునేవాడు. వేపాకు కడిగేసి ఎన్ని రోజులైందో పెద్దవాళ్ళకు తెలుసు గాని, వాడికి తెలియదు. చేదు ఒక్కపూట నేర్పాం. తొమ్మిది రోజుల్లో మరిపించలేకపోయాం. పదో రోజు అమ్మ రవిక ముడి వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

వాడు బతికాడు. నడక పద్దెనిమిదో నెలలో వచ్చింది. పెద్దయ్యాక ఇదంతా వాడికి చెప్పాను. నవ్వి, "అయితే నాకు బాకీ పడ్డావన్నమాట అక్కా" అన్నాడు. నేను నవ్వలేదు.

తర్వాత నాకు నలుగురు పిల్లలు. ఎవరికి ఎన్నాళ్ళు ఇచ్చానో రాసిపెట్టుకున్నాను, ఒకరి లెక్క ఇంకొకరి ముందు ఎప్పుడూ చదవలేదు. పక్కవాళ్ళకు ఎంత అందిందో లెక్కపెట్టబుద్ధి అయినప్పుడల్లా, నాకు అందినది ఇచ్చినవాళ్ళను అడిగి తెలుసుకున్నానా అని ముందు చూసుకుంటాను. సాయంత్రం నాలుగింటికి ఏ ఊళ్ళో రైలు కూత వినబడినా ఇప్పటికీ లేచి ఇంట్లోకి వస్తాను.

ఆ వేసవిలో పోయినవి ఇవి. మల్లెమొగ్గలు, ఏడు వందలు. నీళ్ళు, సగం బిందె. తమ్ముడికి మూడేళ్ళు నిండనక్కరలేదు, నాకిచ్చినంత ఇచ్చినా రావలసిన అమ్మ పాలు, పదహారు నెలల ఇరవయ్యారు రోజులవి. అమ్మకు ఆ తర్వాత పిల్లలు లేరు కనుక, వాణ్ణి ఒళ్ళోంచి దించడానికి ఇంకెవరూ రాలేదు. నేను పోగొట్టుకున్నాననుకుని గోడ మీద ఖాళీగా వదిలిన చోట పోయినది, సున్న.