చిలకకు మళ్లీ వేసిన కన్ను

ముప్పై ఏళ్లుగా బళ్లారి బైపాస్ పక్కన లారీలకు బొమ్మలు వేస్తున్న వెంకటరామికి ఆ కబురు తెచ్చినవాడు డ్రైవర్ సురేష్.

"అప్పా, నీ చిలకను మన ఊరి గాంధీనగర్‌లో ఎవరో గోడకు తగిలించినారు. జనం నిలబడి చూస్తాండారు."

మర్నాడే వెళ్లాడు. కొత్తగా తెరిచిన ఆర్ట్ గ్యాలరీ అది. తెల్లటి గోడ మీద ఒక పాత లారీ వెనక తలుపు. ఖనిజం మోసి మోసి సొట్టలు పడిన రేకు. దాని మీద ఎప్పుడో తను వేసిన చిలక. రెక్క పెచ్చులూడింది, కన్ను పూర్తిగా పోయింది. పక్కన కార్డు మీద 'శిథిలం' అనీ, కింద 'నితిన్, బెంగళూరు' అనీ ఉంది.

తన పేరు లేదన్న కోపం కన్నా, గుడ్డి చిలకను అందరి ముందూ నిలబెట్టారన్న సిగ్గే అతన్ని ఎక్కువ బాధించింది. వెనక్కి వెళ్లి రంగు డబ్బాలు, కుంచెలు తెచ్చాడు. గోడలకు రంగు వేయడానికి వచ్చాడనుకుని కాపలాదారు అడ్డు చెప్పలేదు. అరగంటలో రెక్క పచ్చబడింది. కన్ను దిద్దుతుండగా గ్యాలరీ నడిపే చంద్రిక చూసి కేక వేసింది.

"ఏం చేస్తాండావప్పా! అంతా నాశనం చేస్తివి!"

"నాశనమైంది ఇన్ని దినాలూ గోడకుండె మేడమ్. నేను బాగు చేసినా."

కార్డు మీద పేరున్న నితిన్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఆ తుప్పూ ఆ పెచ్చులే కదండీ అసలు బొమ్మ! ఎండా వానా దుమ్మూ కలిసి చేసిన పని. దాన్ని మీరు చెరిపేశారు."

"మరి కార్డు మీద ఎండ పేరు, వాన పేరు యాడప్పా? నీ పేరొకటే ఉండాది."

పోలీసులను పిలుస్తామన్నారు. పిలవమని చెప్పి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నారు.

"రాయను. నీకు పాతదే కావల్లంటే, ఈ తలుపు లారీకి బిగించి పదేండ్లు సండూరు గనుల రోడ్డు మీద తిప్పు. నీ బొమ్మ నీకొస్తాది."

నితిన్ ఫిర్యాదు ఇవ్వలేదు. సాయంత్రానికి తలుపును గోడ మీంచి దింపించి తనతో తీసుకుపోయాడు.

ఆ వారం నుంచి వెంకటరామి ప్రతి లారీ మీదా బొమ్మ కింద తన పేరు రాస్తున్నాడు. ఒక ఓనరు విసుక్కున్నాడు. "నా లారీ మీద నీ పేరేందప్పా?"

"లారీ నీది. చిలక నాది," అన్నాడు, కుంచె ఆపకుండానే.