లోకమంతా ఇటు వస్తుంటే

నాకు దిక్కులు తెలియవు. ఇది నా తప్పు కాదు, బడి తప్పు. మా వరంగల్ బడిలో పొద్దున ఉర్దూ మాస్టరు కుడి నుంచి ఎడమకు రాయమనేవాడు, మధ్యాహ్నం తెలుగు పంతులు ఎడమ నుంచి కుడికి రాయమనేవాడు. నేను పలక మధ్యలో ఒక చుక్క పెట్టి, ఎటు పోవాలో తేలక, కిటికీలోంచి దూకేశాను. నాలుగో తరగతితో నా చదువు అలా ముగిసింది. దూకడం కూడా బజారు వైపు అనుకుని హెడ్మాస్టరు గారి పెరట్లోకి దూకాను. ఇలాంటి మనిషిని నమ్ముకుని ఒక ఆడపిల్ల ఇల్లు వదిలి వచ్చింది. ఆ ప్రయాణం గురించి చెబుతాను. నవ్వుకోండి, కాదనను. కానీ చదివేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండేట్టు చూసుకోండి.

అవి లడాయి రోజులు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నేను ఎల్లయ్య సేటు బట్టల దుకాణంలో గజంబద్ద పట్టుకుని నిలబడేవాణ్ణి. కౌసల్య సేటు కూతురు. ఆమెను తొర్రూరు పత్తి వ్యాపారికి ఇవ్వాలని సేటు మాట ఇచ్చేశాడు. ఆయన పెద్దమనిషే. ఎంత పెద్దమనిషంటే, సేటు కన్నా కొంచెం పెద్ద.

"నన్ను తీస్కపోతవా, లేకుంటె తొర్రూరు బండెక్కమంటవా?" అంది కౌసల్య ఒకరోజు, రవిక గుడ్డ చూస్తున్నట్టు నటిస్తూ.

"ఎక్కడికి తీస్కపోవాలె?"

"నువ్వు రోజు చెప్తవు గద, సముద్రం! గక్కడికి."

చెప్పేవాణ్ణి, నిజమే. కోస్తా నుంచి వచ్చే బట్టల బేళ్ళు విప్పినప్పుడల్లా ఒక ఉప్పు వాసన వచ్చేది. ఆ వాసన పట్టుకుని నేను సముద్రం మొత్తం చూసినట్టు కథలు అల్లేవాణ్ణి. బేళ్ళు తెచ్చే మనిషి ఒకసారి చెప్పాడు: విశాఖపట్నం దాటాక ఒడ్డు వెంట పోతే ఒక చిన్న ఊరుందట, అక్కడి పంతులు ఎవరు, ఏమిటి అని అడగకుండా పెళ్ళి చేసేస్తాడట. ఇంకేం కావాలి!

"ఒక్క మాట," అంది కౌసల్య. "మెడల పుస్తె పడకుంట నేను మల్ల వరంగల్ టేషన్ల దిగ. దిగితె మా నాయిన తలకాయ ఎత్తుకోలేడు. పుస్తె లేకుంట తీస్కొస్తె, నువ్వు డోర్నకల్ల దిగిపో, నేను రైలు పోయినంత దూరం పోత."

"ఫికర్ చెయ్యకు. నేనున్న గద!" అన్నాను. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద అబద్ధం ఆడలేదు.

సేటు మధ్యాహ్నం కునుకు తీస్తుండగా, పట్టపగలే రైలెక్కాం. ఒక చిన్న మూట. అందులో పుస్తె, మెట్టెలు, ఆమె పెళ్ళి చీర.

రైలు పెట్టెలో మేమిద్దరమే. బల్లలన్నీ ఖాళీ.

"గిదేంది వీరేశం, మనుషులే లేరు?"

"నీ కోసం పెట్టె మొత్తం మాట్లాడిన," అన్నాను మీసం దువ్వి.

బెజవాడ దాటాక ఎదురుగా వచ్చే రైళ్ళు చూశాం. కిటికీల్లో తలలు, తలుపుల్లో తలలు, పైకప్పు మీద మూటలు, మూటల మీద పిల్లలు. అంతమంది ఉండి కూడా ఒక్కరూ మాట్లాడటం లేదు. ఏ జాతరకో పోతున్నారు అనుకున్నాను. జాతరకు పోయేవాళ్ళు కుట్టుమిషన్లు, రోలు, పెంపుడు మేక వెంట తీసుకుపోరు కదా అని మీకు తోచింది. నాకు తోచలేదు. ఒక స్టేషన్లో మా బండి, వాళ్ళ బండి పక్కపక్కన ఆగాయి. ఒక పెద్దావిడ కిటికీలోంచి అడిగింది.

"ఎక్కడికయ్యా మీరు?"

"సముద్రం చూడ్డానికండీ!"

ఆవిడ మా ఇద్దరినీ కాసేపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించి మాకు దండం పెట్టింది. చనిపోయినవాళ్ళకు పెట్టినట్టు.

"చూసినవా, కొత్త జంటను ఎంత మర్యాద చేస్తాండ్రో!" అన్నాను. కౌసల్య కొంగు భుజం నిండా కప్పుకుంది.

వాల్తేరు స్టేషన్లో దీపాల అద్దాలకు నల్లరంగు పూసి ఉంది. బయట ఒకే ఒక్క జట్కా ఉంటే ఎక్కాం. ఎడమ పక్క ఎర్రటి కొండలు, కుడి పక్క నీలం. ఆకాశం ఎక్కడ ఆగి నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియని నీలం. ఏది ఎడమో ఏది కుడో కౌసల్యే చెప్పిందిలెండి. అంత అందం నేను మళ్ళీ చూడలేదు. అంత నిశ్శబ్దమూ వినలేదు. దారిలో ఒక్క బండి ఎదురు రాలేదు. సరుగుడు తోపులు మాత్రం ఎవరో ఏడుపు దిగమింగుతున్నట్టు 'ఉష్' మంటున్నాయి.

జట్కావాడు ఊరి మొదట్లోనే దింపేశాడు.

"లోపలికి నాను రాను బాబూ. అందరూ ఎల్లిపోతంటే మీరొచ్చినారంటే, ఏదో పెద్ద మొక్కే ఉండుంటాది." గుర్రాన్ని తిప్పి, వెనక్కి చూడకుండా తోలేశాడు.

ఊళ్ళోకి నడిచాం. ఇళ్ళన్నింటికీ తాళాలు. ఒక అరుగు మీద రుబ్బురోలు, అందులో సగం రుబ్బిన పిండి పుల్లబడి పొంగి అంచులు దాటుతోంది. దండెం మీద పిల్లల చొక్కాలు చేతులు ఊపుతున్నాయి. తాళం వేసిన ఒక ఇంట్లోంచి గోడ గడియారం గంటలు కొట్టింది. ఎవరికోసం కొట్టిందో!

"వీరేశం, ఊరంత ఏడ పోయింది?"

"పెండ్లికి పోయి ఉంటరు."

"ఎవల పెండ్లి?"

"మనదే అనుకో. ముందే పోయి కూసున్నరు."

నవ్వుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నాది అంతకన్నా చల్లగా ఉందని ఆమె తర్వాత చెప్పింది.

పంతులు గారి ఇల్లు సముద్రానికి ఎదురుగా, ఊరికి చివర. తలుపు తట్టబోయి ఆగాను. బయట తాళం. అప్పుడే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఎవరూ?"

"మేమండీ! వరంగల్ నుంచి వచ్చినం!"

"కూర్చోండి."

"పెండ్లి గురించి, పంతులు గారూ..."

"పూజలో ఉన్నారు. కూర్చోండి."

అరుగు మీద కూర్చున్నాం. కాసేపటికి కౌసల్య నా చెవిలో అంది. "బయట తాళముంటె లోపట మనిషెట్ల ఉన్నడు?"

"మడి. ఎవ్వలు ముట్టకుంట బయటకెల్లి తాళమేసుకున్నడు."

"బయటకెల్లి ఏసుకుంటె లోపటికెట్ల పోయిండు?"

నేను లేచి నిలబడ్డాను. "పూజ అయ్యేదాక సముద్రం చూసొద్దాం పా," అన్నాను, ఆ తలుపు నుంచి దూరంగా పోవడానికి.

ఇక్కడే అసలు ముప్పు. మేము చెరువులవాళ్ళం. చెరువుకు పోతే ఏం చేస్తాం? నీళ్ళ అంచున ఒక రాయి చూసుకుంటాం, బట్టల మూట దాని మీద పెడతాం, దిగుతాం. చెరువు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, మర్యాదగల మనిషిలాగా. సముద్రం అంటే మా ఊరి భద్రకాళి చెరువుకు అన్న అని నా లెక్క. నీళ్ళ అంచున నల్లటి రాయి ఒకటి కనపడింది. పుస్తెల మూట దాని మీద పెట్టి, పడిపోకుండా చెప్పులు కూడా బరువు పెట్టి, దాహం వేస్తోందని వంగి దోసెడు నీళ్ళు తాగాను.

తాగి, ఊసిన తీరు చూసి కౌసల్య అంది. "శానా సార్లు చూసినవు సముద్రం!"

ఒడ్డు వెంట నడిచాం. ఎర్ర పీతలు మేం రాగానే ఊరివాళ్ళలాగే మాయమయ్యేవి. పొద్దు వాలింది. నీళ్ళ మీద పొగలాంటిది లేచింది. వెనక్కి తిరిగి వచ్చాం.

మూట లేదు.

మూట లేకపోతే దొంగ అనుకోవచ్చు. రాయి కూడా లేదు! మూటను ఎత్తుకుపోయే దొంగను నేను ఎరుగుదును. రాయిని ఎత్తుకుపోయేవాడు ఎవడు? ఇందాక మేం నిలబడ్డ చోటే లేదు. నీళ్ళు మాత్రం మెల్లగా, చప్పుడు చేయకుండా, మా పాదాల వైపు నడిచి వస్తున్నాయి. మేం ఒక అడుగు వెనక్కి వేస్తే అవి ఒక అడుగు ముందుకు.

"ఇది మన ఎంట వస్తాంది," అంది కౌసల్య. "వీరేశం... పుస్తె?"

పుస్తె లేదు. పంతులు ఉన్నాడో లేడో తెలియదు. ఈమె వరంగల్‌లో దిగనంది, అన్నదంటే దిగదు. ఇసుకలో కూర్చుండిపోయాను. వెనక పంతులు గారి ఇంట్లోంచి ఆ గొంతు మళ్ళీ.

"ఎవరూ? ఎవరూ? కూర్చోండి."

అప్పుడు సరుగుడు తోపులోంచి ఒక ఆకారం బయటికి వచ్చింది. తెల్ల చీర. విరబోసిన తెల్ల జుట్టు. నేలమీద పొగ వల్ల కాళ్ళు కనపడటం లేదు. గలగలమంటూ మా వైపే తేలి వస్తోంది. నేను ధైర్యంగా కౌసల్య వెనక దాక్కున్నాను.

"ఓలమ్మో! ఎవుల్రా మీరు? ఇక్కడేటి సేస్తన్నారు?" అంది దయ్యం.

కాళ్ళున్నాయి. గలగలమన్నది తాళపు చెవుల గుత్తి. చేతిలో ఆకులో చుట్టిన అన్నం. పంతులు గారింట్లో పాచిపని చేసే ముసలమ్మ, పోలమ్మ.

"అవ్వా, ఊరంత ఏడ పోయింది?"

"ఏటి, మీకు తెల్దా? జపానోడు ఇమానాల్లో వొచ్చి ఇశాకపట్నం మీద బాంబులేసినాడు. మల్లీ వొస్తాడని జనమంతా రైళ్ళట్టుకుని మీ పక్కకే పారిపోనారు. మీరు ఇక్కడికి పారిపోయొచ్చినారేటి!"

మా దుకాణానికి పేపరు వచ్చేది. దాంట్లో నేను లంగా గుడ్డలు చుట్టి ఇచ్చేవాణ్ణి.

"మరి నువ్వు పోలేదా?"

"నా గుడిసి అంత మీద నుండి ఆ ఇమానానికి కనపడతాదేటి?"

తలుపు తీసింది. పంతులు లేడు. కిటికీ దగ్గర పంజరం, అందులో చిలుక. రైల్లో మనుషులకే చోటు లేదని దాన్ని ఈ అవ్వకు అప్పగించి పోయాడట. అది మమ్మల్ని పైకీ కిందికీ చూసి, "కూర్చోండి," అంది.

కౌసల్య చూసిన చూపులో నేను సగం మనిషినయ్యాను. తర్వాత ఆమె అరుగు మీద కూలబడి ఏడ్చింది. అంత భయంలో ఏడవని పిల్ల.

"ఏడవకమ్మా," అంది పోలమ్మ. "పుస్తెదేటుంది? పసుపు కొమ్ము కట్టినా పెళ్ళే." వంటింట్లోంచి కొమ్ము తెచ్చింది. దారం నా పని. గుడ్డ విషయంలో నేను ఎవరికీ తీసిపోను. నా పంచె అంచు నుంచి పోగులు లాగి, పేని, పసుపు పూశాను. దీపం వెలిగించవద్దంది పోలమ్మ, విమానం చూస్తుందట. కాబట్టి ఆఖరి వెలుతురులో, ఎదురుగా చీకటి పడుతున్న సముద్రం, వెనక చప్పుడు లేని ఊరు.

"మంత్రాలు నాకు రావు బాబూ."

నేను కొమ్ము పైకెత్తాను. అంతలో పంజరంలోంచి, ఊరంతా మారుమోగేలా:

"గట్టిమేళం! గట్టిమేళం!"

ఎన్ని పెళ్ళిళ్ళు విన్నదో ఆ చిలుక. మూడు ముళ్ళు పడ్డాయి. అంతవరకు 'వీరేశం, వీరేశం' అన్న నోరు ఆ క్షణం నుంచి నా పేరు మరిచిపోయింది. "ఇగో," అంది కౌసల్య, "ఆ చిలుకకు దక్షిణ ఇయ్యి." ఆకులో ఉన్న అన్నం చిలుక తిన్నంత తింది, మిగిలిందే మా పెళ్ళి భోజనం.

తిరుగు రైల్లో ఒంటికాలి మీద నిలబడి వచ్చాం. రెండో కాలికి చోటు లేదు.

వరంగల్ స్టేషన్లో కౌసల్యే ముందు దిగింది. ఎదురుగా ఎల్లయ్య సేటు. సముద్రం వైపు పోయే బండెక్కామని ఎవరో చెప్పినప్పటి నుంచి దుకాణం మూసి, వచ్చే ప్రతి బండి దగ్గరా నిలబడుతున్నాడట. గడ్డం మాసి ఉంది. కూతుర్ని చూసి రెండు చేతులతో ఆమె మొహం తడిమాడు. అప్పుడు చేతికి పసుపు దారం తగిలింది. దాన్ని పట్టుకుని కొమ్ము బయటికి లాగి చూశాడు.

"పంతులెవలు?" అన్నాడు.

"చిలుక, నాయినా."

సేటు దారం వదిలాడు. "తొర్రూరాయనకు నేను చెప్పుకుంట తియ్యి," అని కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

నేను వెంటనే ఆయన కాళ్ళ మీద పడి, ప్లాట్‌ఫారం అంతా వినేలా ప్రమాణం చేశాను. "మామా! భద్రకాళమ్మ సాక్షి! నా పానమున్నంత కాలం నీ బిడ్డను మల్ల లేవదీస్కపోను! సముద్రం దిక్కు కన్నెత్తి చూడను! నీళ్ళ అంచున మూట పెట్ట!"

"లే, అల్లుడా," అన్నాడు సేటు. "లోకమంత పానం దక్కించుకుందామని ఇటు ఉరుకుతాంటె, నువ్వొక్కనివి అటు ఉరికినవు. ఇగ మీదట ఏ ఆపదొచ్చినా, నువ్వు ఎటు పోతాన్నవో జర ముందుగాల చెప్పు. మేమంత దానికి ఉల్టా పోతం."