మేస్త్రిగారు వద్దన్న తెల్లరాయి

మా సున్నపు మేస్త్రిగారు పోయారని కొవ్వూరు నుంచి వచ్చిన పడవవాళ్లు చెప్పారు. అప్పటికే మూడు రోజులైంది. ఆయన్ను మోసినవారిలో నేను లేను.

రాజమహేంద్రవరం దిగువన కాలవ లాకులు కట్టే రోజుల్లో బట్టీకి వచ్చిన సున్నపురాయిని ఆయన పరీక్ష చేసేవారు. ఆయనకు చదువు రాదు. ఆయన చెప్పింది రోజూ పుస్తకంలో రాయడం నా పని. రాయిని మెత్తగా నూరి, తూచి, గాజు గిన్నెలో వేసి రాయిని కరిగించే ద్రావకం పోసేవారు. అది బుసబుస పొంగేది. పొంగు ఆగాక గుడ్డలో వడగట్టి, మిగిలిన మట్టిని ఆరబెట్టి తూచేవారు. రాతిలో ఆ మట్టి తగినంత ఉంటేనే సున్నం నీళ్లలో గట్టిపడుతుంది. నేను తొందరపెడితే, "తడిమట్టి ఎక్కువ తూగుద్దండి. ఆరనివ్వండి," అనేవారు. ఆ ద్రావకానికి ఆయన వేళ్ల చివర్లు ఎప్పుడూ కాలి ఉండేవి.

ఒక వేసవిలో పాలలాంటి తెల్లరాయి వచ్చింది. చూసి అందరం మురిసిపోయాం. ఆయన వడగట్టిన గుడ్డ విప్పి చూపించారు. దాని మీద దాదాపు ఏమీ లేదు.

"తాంబూలంలోకి బాగుంటదండీ గుమాస్తాగారూ. గోడకి మాత్రం వద్దని రాయండి."

ఆయన అటు వెళ్లగానే ఓవర్సీరు వచ్చాడు. కాలవకు నీళ్లు వదిలే రోజు దగ్గరపడింది.

"పని ఆగితే నీ కొలువూ ఆగుద్ది. మేస్త్రి సరేనన్నాడని రాయవయ్యా," అన్నాడు.

రాశాను.

నీళ్లు వదిలిన కొద్ది రోజులకే ఆ సున్నంతో కట్టిన లాకు గోడ అడుగు కరిగి కూలింది. పైవాళ్లు పుస్తకం తెరిచి చూసి మేస్త్రిగారిని తీసేశారు. వెళ్లేముందు ఆయన నా దగ్గరికి వచ్చారు.

"అలా రాశారేంటండీ?"

నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"సర్లెండి. పిల్లలు గలవారు," అన్నారు.

తరువాత ఏ లాకు దగ్గరా ఆయన్ను చేర్చుకోలేదు. పెళ్లిళ్లకు ఇళ్ల గోడలకు వెల్ల వేస్తూ బతికారు. ఊళ్లో ఆయన గోడ కూల్చిన మేస్త్రిగానే మిగిలారు.

ఆయన ఆ రాయి వద్దన్నారు. సరేనని రాసింది నేను. ఇన్నాళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆయనకు ఒరిగేదీ లేదు.

ఇంట్లోవాళ్లకైనా చెప్పాలని నిన్న గోదావరి దాటి వెళ్లాను. ఆయన భార్య ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది.

"మీ గురించి ఎప్పుడూ చెప్పేవారండి. ఆయన మాట ఉన్నదున్నట్టు రాసింది మీరొక్కరేనంట."

చెంబు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాను. లోపలికి రమ్మని ఆవిడ మళ్లీ పిలిచింది.