ఎదురింటి అక్కకు కప్పని చీర

ఎదురింటి అక్క పోయిందని తెల్లవారగానే ఫోన్ వచ్చింది. గుండె నొప్పి అందట, ఆటో వచ్చేలోపే అయిపోయిందట. బదిలీ మీద నేను కమలాపురం వచ్చి చాలాకాలమే అయింది. కానీ అంతకుముందు కర్నూలు పక్కన కల్లూరులో ఆమె ఇంటికి ఎదురుగా అద్దెకున్న రోజుల్లో ఆమె చేతి టీ తాగకుండా స్కూలుకు పోయిన పొద్దు లేదు. సెలవు పెట్టి బస్సెక్కాను. దారి పొడుగునా మా పాత కాలనీ వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. "ధైర్యానికి మారుపేరు", "స్త్రీశక్తికి నిదర్శనం", "తీరని లోటు". ఆ మాటలు రాసినవాళ్ళలో సగం మంది ఆమె అంగడి ముందు నుంచి మొహం తిప్పుకుని పోయినవాళ్ళే. బతికున్న మనిషితో మాట్లాడాలంటే మొహమాటం, చచ్చిపోయాక పొగడడానికి ఏ అడ్డమూ లేదు. అందుకే అందరం ధారాళంగా పొగుడుతాం.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. ఆలూరులో బట్టల వ్యాపారం చేసే ఇంటి ఆడబిడ్డ. తోడబుట్టినవాడు ఒక్కడే, తమ్ముడు. నూనె మిల్లులో గుమాస్తా చేసే ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. ఇంటి ముందు గదిలో పచారీ అంగడి పెట్టుకుని, ఆ అంగడి మీదే కూతుర్ని నర్సింగ్ చదివించింది. గొంతు పెద్దది, కోపం త్వరగా వచ్చేది, పోవడానికి మాత్రం తొందరపడేది కాదు. పొట్లం కట్టే పాత పేపరును చదవకుండా చింపేది కాదు. బేరానికి వచ్చిన మనిషి నిలబడి చూస్తుంటే "ఉండమ్మా, ఈ ముక్క అయిపోనీ" అనేది. జనానికి విసుగొచ్చేది. నాకు నవ్వొచ్చేది.

ఆమె కథంతా ఒడిబియ్యం దగ్గర మొదలైంది. మన సీమలో పుట్టింటివాళ్ళు పెళ్ళైన ఆడబిడ్డను పిలిచి పీట మీద కూర్చోబెట్టి, కొంగులో బియ్యం, పసుపు, కొబ్బరి గిన్నె, ఖర్జూరాలు పోసి పంపడం తెలిసిందే కదా. వాళ్ళ నాయన పోయిన తర్వాతి సంవత్సరం తమ్ముడు ఫోన్ చేసి రమ్మన్నాడు. అక్క సంబరంగా పోయింది. మరదలు దోసిళ్ళతో బియ్యం పోస్తూ ఉంది. కొంగు నిండింది. అప్పుడు తమ్ముడు వచ్చి పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడట: "అక్కా, ఒడి నిండినాక అట్నే రిజిస్ట్రారు ఆఫీసు దాకా పోయొద్దాం. ఆటో చెప్పినా. ఇల్లు, అంగడి నా పేరుకు రాయించుకుంటాండా. నీకేం వద్దని చిన్న సంతకం."

"కొంగు రెండు చేతులతో పట్టుకోని ఉండా టీచరమ్మా," అని నాకు చెప్పింది. "వదిలితే బియ్యం కింద పడతాయి. అట్లాంటి మనిషిని సంతకం పెట్టమని అడిగినాడు. 'చేతులు ఖాళీ లేవురా' అంటి."

అట్లాగే లేచిందట. కొంగు నడుముకు దోపుకుని నేరుగా బస్టాండుకు పోయి కర్నూలు బస్సెక్కింది. ఇంటికొచ్చి ఆ బియ్యం వండి, ఆనవాయితీ ప్రకారం వాడకట్టు ఆడవాళ్ళను భోజనానికి పిలిచింది. నేనూ తిన్నాను. చక్కెర పొంగలి కూడా చేసింది. వడ్డిస్తూ వడ్డిస్తూ, "బాగా తినండమ్మా, ఇవే కడాపటివి. మల్లా మా తమ్ముడు పిలవడు," అంది. అందరూ తమాషాకు అంటోందనుకుని నవ్వారు. తర్వాత కొద్ది రోజులకే ఆమె కర్నూలులో ఒక లాయరమ్మను కలిసి భాగం కోసం దావా వేసింది.

కొడుకుతో సమానంగా కూతురికీ భాగముందని చట్టం వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకోండి. ఆ చట్టం గురించి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేను. పరీక్షలో మార్కులు వేసేదాన్ని. కానీ దాన్ని ఇంటి గడప దాటించి లోపలికి తెచ్చిన ఆడమనిషిని అక్క కంటే ముందు నేను దగ్గర నుంచి చూడలేదు. ఆమెకు చట్టం భాష రాదు, నేర్చుకునే ఓపికా లేదు. ఇల్లు అమ్మకుండా కోర్టు ఇంజంక్షన్ ఇచ్చిన రోజు సంతోషంగా వచ్చి, "మా తమ్మునికి కోర్టు ఇంజక్షన్ ఏసింది టీచరమ్మా," అంది. నేను సరిదిద్దలేదు. ఆ మాటే సరిగ్గా ఉందనిపించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు శిక్ష. చుట్టాలు, తెలిసినవాళ్ళు, గుడి దగ్గర కలిసినవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న: "పుట్టిల్లు కావాల్నా నీకు, భాగం కావాల్నా?" ఏదో ఒకటే తీసుకోవాలన్నట్టు అడిగేవాళ్ళు. అక్క జవాబు కూడా ఒకటే. "ఈ మాట మా తమ్ముణ్ణి యాడైనా అడిగినారా? వానికి రెండూ ఉండాయి కదా!"

ఆమె అంతటితో ఆగి ఉంటే కాలనీ ఊరుకునేదేమో. ఆగలేదు. అంగడికి వచ్చిన ఆడమనిషి ఎవరైనా "మా అన్నోళ్ళు రమ్మన్నారక్కా, ఏదో సంతకమంట" అంటే చాలు, తక్కెడ పక్కన పెట్టి లోపలికి పిలిచేది. "చదివి పెడతాండావా, నమ్మి పెడతాండావా?" అని అడిగేది. ఈ ప్రశ్న నేను ఎన్నిసార్లు విన్నానో. చదివి పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. అక్క వాళ్ళలో కొందరిని లాయరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఎక్కువమంది టీ తాగి, కళ్ళు తుడుచుకుని, పోయి నమ్మి పెట్టొచ్చారు. పెట్టొచ్చాక అక్క మొహం చూడలేక వేరే అంగట్లో సరుకులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ మొగుళ్ళైతే అక్క అంగడికే ఇంకో పేరు పెట్టారు, కాపురాలు కూల్చే అంగడి అని. ఆ మొగుళ్ళే తమ భార్యలకు పుట్టింట్లో భాగం వస్తుందంటే మాత్రం చీకటిపడ్డాక వచ్చి అక్కను మెల్లగా అడిగిపోయేవాళ్ళు. చెల్లెలికి ఇవ్వాలంటే పుట్టింటి పరువు, భార్యకు రావాలంటే స్త్రీల హక్కు. ఒకే నోరు, పొద్దునొక మాట, సాయంత్రమొక మాట.

ఒకసారి ఆలూరులో మహిళా దినోత్సవం సభకు ఆమెను పిలిచారు. ఆ ఊరి ఆడబిడ్డ, నలుగురికీ దారి చూపిస్తున్న మనిషి అని శాలువా కప్పుతామన్నారు. తోడుగా నన్నూ తీసుకుపోయింది. పోయి చూద్దుము కదా, వేదిక వెనక ఫ్లెక్సీ మీద పెద్దగా ఆమె తమ్ముడి బట్టల అంగడి పేరు, చేతులు జోడించి నవ్వుతున్న ఆయన ఫోటో. సభ నడిపే ఆమె పరుగున వచ్చి చెవిలో చెప్పింది: "అక్కా, హక్కుల గురించి బాగా చెప్పండి. ఆస్తి సంగతి మాత్రం వద్దు. భోజనాలు మీ తమ్మునివే."

అక్క మైకు తీసుకుంది. "అమ్మా, ఈ పొద్దు మీకు పెట్టే అన్నం మా తమ్మునిది. దాంట్లో నా భాగం కూడా ఉండాది. కాబట్టి మొహమాటపడాకండి, కడుపునిండా తినండి," అంది. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఎవరో వెంటనే మైకు ఆపి పాట పెట్టారు. శాలువా కప్పారు, ఫోటో దిగారు. అందరూ కడుపునిండా తిన్నారు కూడా. తిన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ పక్కవీధిలో ఉన్న ఆయన అంగడికి పోయి, మీ అక్క భాగం సంగతేంటప్పా అని అడిగి ఉంటారా? నేను తిరుగు బస్సులో ఇదే అంటే, "నువ్వు అడిగినావా?" అని నా మొహం మీదే అడిగి, పల్లీల పొట్లం నా చేతిలో పెట్టింది.

ఆమె రాయి కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పోరాడే ఆడవాళ్ళకు నొప్పి తెలియదని మనం హాయిగా నమ్ముతాం. మేనల్లుడి పెళ్ళికి ఆమెకు పత్రిక రాలేదు. పెళ్ళి రోజున అంగడి తలుపు సగం వేసి, పట్టుచీర కట్టుకుని లోపల కూర్చుని ఉంది. నేను లోపలికి పోయాను. తనే అంది: "భాగం ఇయ్యకపోతే పోనీ, కోర్టు చూసుకుంటాది. పత్రిక ఇయ్యొచ్చు కదా టీచరమ్మా. మేనత్తను కదా." అప్పుడు ఏడ్చింది. నాకు ఆ తమ్ముడి మీద వచ్చినంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు. ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

కేసు ఆమె గెలిచింది. తమ్ముడు పైకోర్టుకు పోయాడు. అక్కడ అది ఇంకా నడుస్తూనే ఉంది, ఆమె నడక ఆగిపోయింది.

నేను కల్లూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంటి ముందు షామియానా కింద పడుకోబెట్టారు. స్నానం చేయించి పసుపు రాసి బొట్టు పెట్టారు. పాడె కట్టడం అయిపోయి చాలాసేపైందని తెలుస్తూనే ఉంది, కట్టినవాళ్ళు నీడలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరి కోసం ఆగారని అడిగితే, పుట్టింటి చీర రాలేదన్నారు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి, అది కప్పందే పాడె ఎత్తరు. అదీ ఆనవాయితీ.

చీర రాకపోవడానికి కారణం దారి దూరం కాదు. వాళ్ళ బంధువుల్లో పెద్దాయన ఒకరు ఫోన్ చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. చివరికి అక్క కూతురి దగ్గరికి వచ్చి అందరికీ వినపడేటట్టే చెప్పాడు: "మీ మామ చీర, పసుపు కుంకుమ అన్నీ మూట కట్టుకోని కారు దగ్గర నిలబడి ఉండాడమ్మా. నీది ఒక్క మాట కావాల. కేసు మీ అమ్మతోనే పోయిందని పెద్దల ముందర ఒక్క మాట చెప్పు, బయల్దేరతాడు."

శవం పక్కన నిలబడి బేరం. అదీ చీరతో.

అక్క భర్త నెమ్మదస్తుడు. ఇన్నేళ్ళూ భార్యకు అడ్డం చెప్పింది లేదు, తోడు నిలిచిందీ తక్కువే. ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఒప్పుకో పాపా. మీ అమ్మ ముత్తైదువగా పోతాంది. పుట్టింటి చీర లేకుండా ఎట్ల సాగనంపుదాం? ఎండ శానా ఉండాది, ఇంకెంతసేపు పెడదాం?"

ఆ అమ్మాయి తల్లి మొహం వైపు చూసింది. ఆ క్షణంలో ఆమె తలూపి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. నేనూ పట్టేదాన్ని కాదు. కన్నతల్లిని ఎండలో పెట్టుకుని ఎవరైనా ఏం చేస్తారు? కానీ ఆమె ఏడుపు ఆపుకుని, "మా అమ్మ బతికుండగా పెట్టని సంతకం, చచ్చినాక నాతో పెట్టిస్తారా? ఏ చీరా వద్దు. ఎత్తండి," అంది.

ఒక ముసలామె బుగ్గలు నొక్కుకుంది. "తప్పమ్మా. పుట్టింటి గుడ్డ లేకుండా పోతే ఆ మనిషి ఆత్మ పోయి పుట్టింటి గడపలోనే తిరుగుతాదంట."

"తిరగనీ అవ్వా. ఆ గడపలో మా అమ్మకూ భాగముండాది."

అచ్చం తల్లి నోరే. నీడలో కూర్చున్నవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకుని లేచారు. అక్క తను రోజూ అంగట్లో కట్టుకునే నేత చీరలోనే పాడె ఎక్కింది. కూతురు కుండ పట్టుకుని ముందు నడిచింది. ఆ అమ్మాయి నిలబడి గెలిచింది కదా, నేను గర్వపడాలి కదా? పడలేకపోయాను. తల్లిని సాగనంపే ఒక్క పూట కూడా ఏడవడానికి వదలకుండా ఆ పిల్లను పోట్లాటకు నిలబెట్టారు. దాన్ని గెలుపు అనడానికి నాకు మనసొప్పలేదు.

మగవాళ్ళందరూ వెళ్ళాక మేం కొందరు ఆడవాళ్ళం ముంగిలి కడిగాం. నీళ్ళు ఇంకా పారుతుండగానే ఒక షేర్ ఆటో వచ్చి ఆగింది. దిగింది అక్క మరదలు, ఆ తమ్ముడి భార్య. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత విప్పని ముదురాకుపచ్చ చీర. ఖాళీ షామియానా చూసి అక్కడే నిలబడిపోయింది.

"తీసకపోయినారా?" అంది. నేను తలూపాను. "ఆయనకు తెలీకుండా వచ్చినా. ఆస్పత్రికని చెప్పినా. బస్సు దొరకలే. వదినకు ఈ రంగంటే ప్రాణం."

ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగలేదు. శ్మశానానికి ఆటోలో పోదామా అని అడిగాను. "అమ్మో, ఈ పొద్దు అంతమంది మగోళ్ళలో యాడికొచ్చేది? ఆయనకు తెలిసిపోతాది," అంది. పోనీ చీర ఉంచిపోండి, అమ్మాయికిస్తాను అన్నాను. కవరు ముందుకు చాచింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"వద్దులేమ్మా. అంగట్లో ఒక చీర తగ్గితే అడుగుతాడు. ఆయన అంగడికి రాకముందే అరలో పెట్టేయాల." నన్ను చూడకుండా అంది: "నేను మా అన్నలకు ఎప్పుడో పెట్టిచ్చినా సంతకం. అడిగిన పొద్దే. నేను పోతే నాకైతే పుట్టింటి చీర వస్తాదిలే."

కవరును కొంగు కింద దాచుకుని ఆటో ఎక్కింది. లోపల అప్పటికే కూర్చున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆటో కర్నూలు రోడ్డు మీదికి తిరుగుతుంటే, ఆమె కొంగు అంచు కింద ఆకుపచ్చ మూల ఒకటి బయటికి కనపడింది. ఆమె చూసుకుని, రెండు చేతులతో దాన్ని లోపలికి నొక్కుకుంది.